నల్లమలలో సొంత టెంటు వేసుకుని రాత్రి ఉండొచ్చా? ప్రభుత్వ అడవుల్లో మనం చేయగలిగిందేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హైదరాబాద్ నుంచి ఐదుగురు మిత్రులు శని, ఆదివారాల్లో నల్లమలలో నడవాలనుకుంటున్నారు, రాత్రి అడవిలోనే టెంటు వేసుకుని పడుకోవాలనుకుంటున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకాయన "నల్లమల నైట్ ట్రెక్" పేరుతో మనిషికి 2,500 రూపాయలు అడుగుతున్నాడు, "పర్మిషన్ సంగతి మాకు వదిలేయండి" అంటున్నాడు. ఇది నమ్మొచ్చా, కాకపోతే వేరే దారి ఏముంది, మీ లాబ్రడార్‌ను కూడా తెచ్చుకోవచ్చా అని అడిగారు.

నేను అటవీశాఖలో బీట్ గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం కృష్ణకు అటూ ఇటూ నల్లమలలోనే గడిచింది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్తే: టైగర్ రిజర్వులో మీ సొంత టెంటు వేసుకుని రాత్రి ఉండటం కుదరదు. డబ్బు కట్టినా కుదరదు, తెలిసినవాళ్లున్నా కుదరదు. పగలు గైడుతో నడవొచ్చు, జీపులో తిరగొచ్చు. రాత్రి అడవి అంచున అటవీశాఖ కాటేజీలోనో, వాళ్లే వేసి ఉంచిన టెంటులోనో పడుకోవచ్చు. అది మీరనుకున్నదానికి పెద్ద తక్కువేం కాదు. ఆ ఇన్‌స్టాగ్రామ్ ఆయనకు మాత్రం డబ్బు పంపకండి.

"ప్రభుత్వ అడవి అంటే మన అందరిదీ కదా సార్, మనల్నే రావద్దంటే ఎలా?" అని చెక్‌పోస్టు దగ్గర చాలామంది అడిగేవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన దగ్గర అడవంతా ఒకటే రకం కాదు. మామూలు రిజర్వు ఫారెస్టు ఉంది, అభయారణ్యం ఉంది, నేషనల్ పార్కు ఉంది, టైగర్ రిజర్వులో మళ్లీ కోర్ (పులుల కోసం వదిలేసిన లోపలి భాగం), బఫర్ (దాని చుట్టూ ఉండే భాగం) అని రెండున్నాయి. చూడ్డానికి అన్నిట్లోనూ అవే చెట్లు. మీరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అనేది మాత్రం ఆ అడవి ఏ కోవలోకి వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఏ ట్రెక్కు అయినా ముందు తెలుసుకోవాల్సింది దూరం, ఎత్తు కాదు, అది ఏ రకం అడవి అన్నది.

నల్లమలలో పెద్ద భాగాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరం వైపున్నది తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, దక్షిణం వైపున్నది ఆంధ్రలో నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వుగా మిగిలింది. రెండు చోట్లా వర్తించేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే. అందులో 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరెవరు రావచ్చో చెబుతుంది: డ్యూటీ మీద ఉన్న ప్రభుత్వోద్యోగులు, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచో, ఆయన అధికారమిచ్చినవాళ్ల నుంచో అనుమతి పొందినవాళ్లు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవాళ్లు, పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణించేవాళ్లు, వీళ్ల మీద ఆధారపడినవాళ్లు. అంతే.

ఆ రోడ్డు మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. హైదరాబాద్–శ్రీశైలం హైవే మీద వెళ్లడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ కారు పక్కకు ఆపి చెట్ల మధ్యకు వంద అడుగులు నడిచారంటే, అనుమతి లేకుండా అభయారణ్యంలోకి చొరబడినట్టే. సెల్ఫీ కోసం వెళ్లినా, రోడ్డు పక్కన రాళ్లు పేర్చి చికెన్ వండుకున్నా. నిప్పు పెడితే అది 30వ సెక్షన్ కింద వేరే కేసు. ఈ చట్టం కింద మామూలు ఉల్లంఘనకు కూడా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఉద్యోగాలకు, వీసాలకు అప్లై చేసుకునే వయసులో ఆ టెన్షన్ మీకెందుకు?

ఇంకో సంగతి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు ఆపేస్తారు. అవతల దోర్నాల–శ్రీశైలం రోడ్డు మీదా అంతే. తారు రోడ్డు మీద కారుకే రాత్రి దారివ్వని చోట టెంటుకు అనుమతి ఎవరిస్తారు?

ఒక సంఘటన చెప్తాను. ఒక మే నెలలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు నలుగురు ఎవరో ఊరతన్ని పట్టుకుని లోపలికొచ్చి, నీళ్లు దగ్గరగా ఉన్నాయని ఒక సాసర్ పిట్ పక్కనే టెంటు వేశారు. సాసర్ పిట్ అంటే వేసవిలో జంతువుల కోసం మేం ట్యాంకరుతో నీళ్లు నింపే సిమెంటు గుంట. తెల్లారి బేస్ క్యాంపు వాచర్లు చూసి బయటికి తెచ్చారు. కుర్రాళ్లు మంచివాళ్లే, ఒక్క కాగితం ముక్క పారేయలేదు, మంట వేయలేదు. కానీ అక్కడున్న కెమెరా ట్రాప్ (జంతువు ముందు నుంచి వెళ్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరా) ఫోటోలు తీసి చూస్తే, రాత్రంతా దుప్పులు గుంపుగా రావడం, దూరం నుంచే ఆగిపోవడం, వెనక్కి తిరగడం కనిపించింది. ఒక కణితి (సాంబార్ జింక) మూడుసార్లు వచ్చి మూడుసార్లూ తాగకుండానే వెళ్లిపోయింది. ఆ చుట్టుపక్కల ఆ నెలలో అదొక్కటే నీళ్లున్న చోటు. మనం ఏ పాపం ఎరగకుండా పడుకున్నా, అక్కడ పడుకోవడమే వాటికి ఇబ్బంది. రాత్రి బస వద్దనేది మీ ప్రాణాల కోసం మాత్రమే కాదు.

ఇక "పర్మిషన్ మేం చూసుకుంటాం" అనేవాళ్ల గురించి. వీళ్లలో మూడు రకాలను చూశాను. కొందరు అడవి పక్కన పట్టా భూమిలో, మామిడి తోటలో టెంట్లు వేసి నల్లమల క్యాంపింగ్ అని పేరు పెడతారు. అందులో చట్టపరంగా తప్పేం లేదు, మీరు పడుకునేది అడవిలో కాదని తెలిసి వెళ్తే చాలు. కొందరు శాఖ ప్యాకేజీనే బుక్ చేసి మీ దగ్గర రెట్టింపు తీసుకుంటారు. మూడో రకం నిజంగానే దొంగదారిన లోపలికి తీసుకెళ్తారు, పట్టుబడితే ఫోను స్విచాఫ్. ఎవరు ఏ రకమో తెలియాలంటే ఒక్కటే పరీక్ష. అనుమతి పత్రం కాపీ అడగండి. దాని మీద తేదీ, రేంజ్ పేరు, ఏ గేటు నుంచి ఏ గేటుకు, మీ అందరి పేర్లు ఉండాలి. "అక్కడికెళ్లాక చూపిస్తాం" అన్నారంటే లేదనే లెక్క.

సరే, కుదిరేవేమిటో చూద్దాం.

హైదరాబాద్ నుంచి దగ్గర మన్ననూరు. సుమారు 140 కిలోమీటర్లు. అక్కడ అమ్రాబాద్ టైగర్ రిజర్వు వాళ్ల కాటేజీలున్నాయి. 2021 నుంచి బస, సఫారీ, గైడుతో చిన్న ట్రెక్ కలిపి ప్యాకేజీగా ఇస్తున్నారు. రిజర్వు వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి, సెలవు పెట్టగలిగితే మంగళ, బుధవారాలు రండి. సఫారీ ఫర్హాబాద్ గేటు నుంచి మొదలవుతుంది. నిజాం కాలం నాటి వేట బంగళా శిథిలాలు దాటి వ్యూ పాయింట్ దాకా తీసుకెళ్తారు. అక్కడ నిలబడి కింద పరుచుకున్న అడవిని చూడ్డానికే వెళ్లొచ్చు.

పులి కోసం మాత్రం రాకండి. మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వులో కనిపించినట్టు ఇక్కడ కనిపించదు. కొండలు, లోయలు, దట్టమైన వెదురు. పైగా మీరు తిరిగేది అడవిలో చిన్న ముక్క. ఎన్నో ఏళ్లు పనిచేసిన వాచర్లు కూడా పులిని నేరుగా చూసింది కొద్దిసార్లే. పులి కనబడలేదని జీపు డ్రైవరుతో గొడవపడినవాళ్లను నేనే సర్దిచెప్పి పంపిన రోజులున్నాయి.

నన్నడిగితే సఫారీ కంటే గైడుతో నడిచే ఆ కొద్ది దూరమే అసలైనది. గైడు చాలాసార్లు చెంచు యువకుడే అవుతాడు. అతను ముందు నడుస్తుంటే మీరు మాట్లాడకుండా వెనక నడవండి. నల్లమద్ది బోదె మీద గోళ్ల గీతలు ఎంత ఎత్తున ఉన్నాయో చూపిస్తాడు, చిరుతదో ఎలుగుదో చెప్తాడు. ఎలుగు తవ్విన చెదపుట్ట, బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత) కొమ్మల చివర కట్టుకున్న గూడు, కొండముచ్చు హెచ్చరిక కూతకు, ఊరికే పోట్లాడుకునే అరుపుకు తేడా చెప్తాడు. ఒకసారి రిటైరైన టీచరు దంపతులు వచ్చారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కిలోమీటరు నడవడానికి రెండు గంటలు పట్టింది, జంతువన్నది ఒక్కటీ కనబడలేదు. అయినా వెళ్లేటప్పుడు ఆవిడ గైడు చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లారు, మళ్లీ చలికాలంలో మనవళ్లను తెచ్చారు. వచ్చినవాళ్లలో బాగా ఆనందించింది ఎవరని అడిగితే నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఒక మాట. చెంచులు మీ టూరు ప్యాకేజీలో చూడాల్సిన అంశం కాదు. పెంటల్లోకి (వాళ్ల గూడేలను పెంటలంటారు) వెళ్లి ఇళ్లలోకి తొంగిచూడటం, పిల్లలకు చాక్లెట్లిచ్చి ఫోటోలు తీయడం మానండి. గైడుకు ఇవ్వాల్సింది ఇవ్వండి, మంచి తేనె ఉంటే సరైన ధరకు కొనండి.

ఆ చుట్టుపక్కలే మల్లెల తీర్థం జలపాతం ఉంది, వటవర్లపల్లి దగ్గర రోడ్డు నుంచి లోపలికి వెళ్లి చాలా మెట్లు దిగాలి. దిగడం సుఖమే, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. వానలు వెనకబట్టాక వస్తే ధార బాగుంటుంది, ఎండాకాలంలో సన్నబడుతుంది. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం గుడి పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు అనువు. సలేశ్వరం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. చైత్ర పౌర్ణమి జాతరకు ఏటా కొద్ది రోజులు మాత్రమే తెరుస్తారు, మిగతా కాలంలో దారి మూసి ఉంటుంది.

టెంటులో పడుకోవాలనే కోరిక తీరాలంటే కృష్ణ దాటి బైర్లూటి వెళ్లండి. ఆత్మకూరు–దోర్నాల రోడ్డు మీద ఉంటుంది. అటవీశాఖ జంగిల్ క్యాంపులో కాటేజీలు, లోపల మంచాలేసిన పెద్ద టెంట్లు ఉన్నాయి. భోజనం, సఫారీ కలిపే ఇస్తారు. రాత్రి కంచె బయట నైట్‌జార్ పిట్ట కూతలు, దూరంగా దుప్పి అరుపులు వినబడతాయి. మీకు కావలసింది ఇదే అయితే దీనికోసం చట్టం దాటాల్సిన పనే లేదు. నంద్యాల–గిద్దలూరు రోడ్డు మీద పచ్చర్లలోనూ ఇలాంటి క్యాంపే ఉంది. శ్రీశైలం వెళ్తూ ఒక పూట తీరిక ఉంటే తుమ్మలబయలు సఫారీ చూసుకోవచ్చు.

రోజంతా నడిస్తేగానీ తృప్తి ఉండదంటారా? అయితే మీలాంటివాళ్లకు నేను చెప్పేది ట్రెక్కింగ్ కంపెనీలు పెద్దగా పట్టించుకోని ఒక పాత దారి. మహాశివరాత్రికి, ఉగాదికి భక్తులు ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి అడవిలో కాలినడకన వెళ్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం. ఉగాదికైతే కర్ణాటక నుంచి వేలమంది వస్తారు, కొందరు తమ ఊరి నుంచే నడక మొదలుపెట్టి ఉంటారు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, భీమునికొలను లోయలోకి దిగి మళ్లీ ఎక్కే రాతి మెట్లు, దారి పొడవునా అన్నదానాలు. ఆ రోజుల్లో శాఖే దారి తెరిచి మనుషులను పెడుతుంది, నీళ్ల ఏర్పాట్లుంటాయి. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా తెరుస్తారో ఏటా ప్రకటిస్తారు, దాన్ని బట్టి బయల్దేరండి. ఒంటరితనం కోరుకునేవాళ్లకు ఇది నచ్చదు, భజనలు, జనం, దుమ్ము. కానీ కోర్ అడవిలో మామూలు మనిషి ఇంత దూరం కాలినడకన వెళ్లగలిగే సందర్భం మన రెండు రాష్ట్రాల్లో మరొకటి నాకు తెలియదు. ఆ సమయం దాటాక అదే దారిన వెళ్తే మాత్రం కేసే.

అహోబిలం కూడా ఇలాంటిదే. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా, అక్కడి నుంచి ఉగ్రస్తంభం దాకా ఎక్కడం మంచి కఠినమైన నడక. పొద్దున్నే మొదలుపెట్టి, చీకటి పడేలోపు దిగిపోవాలి. వాన పడితే ఆ రాళ్ల మీద కాలు నిలవదు, ఎంత అనుభవం ఉన్నా వెనక్కి రావడమే మంచిది.

ఎప్పుడు రావాలి? అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో, మామూలుగా జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా, టైగర్ రిజర్వుల్లో సఫారీలు మూసేస్తారు. ఫిబ్రవరి దాటితే నల్లమల ఆకు రాలుస్తుంది. ఎండుటాకు మోకాలి దాకా పేరుకున్న చోట బీడీ ముక్క చాలు. నల్లమలలో వేసవి మంటలకు మూలం చాలావరకు మనిషే. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల మీద అనుమతి లేని దారిలో ఉన్న ట్రెక్కర్ల బృందాన్ని కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. గడ్డి కొండ మీద మంట పైకి ఎంత వేగంగా పాకుతుందో చూసినవాళ్లకు వాళ్లెందుకు తప్పించుకోలేకపోయారో తెలుస్తుంది. మీరు వాలు మీద ఉండి కింద నుంచి పొగ వస్తుంటే పైకి పరుగెత్తొద్దు. పక్కకు, అప్పటికే కాలిపోయిన నేల వైపో, రాతి బండ వైపో, ఫైర్ లైన్ (మంట దాటకుండా చెట్టూ గడ్డీ తీసేసిన పట్టీ) వైపో జరగాలి.

తమిళనాడు ఆ తర్వాత చేసింది నాకు నచ్చింది. 2024 అక్టోబరులో 40 ట్రెక్కింగ్ దారులు ఎంపిక చేసి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, స్థానిక గిరిజన యువతను గైడ్లుగా తీసుకున్నారు. మంటల కాలంలో మూసేస్తారు. కర్ణాటకలో కూడా ఆన్‌లైన్ బుకింగ్ వచ్చింది. మన దగ్గర కూడా టైగర్ రిజర్వు కోర్ వదిలేసి, మామూలు రిజర్వు ఫారెస్టుల్లో ఇలాంటి దారులు తెరవాలని ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చట్టబద్ధమైన దారి లేకపోతే దొంగదారివాడికే గిరాకీ.

అపాయాల సంగతికి వస్తే అందరూ పులి అంటారు, నేను ఎలుగు అంటాను. పులి మిమ్మల్ని ముందే పసిగట్టి తప్పుకుంటుంది. ఎలుగు తల దించుకుని పుట్ట తవ్వుకుంటూ, ఇప్పపూలు ఏరుకుంటూ ఉంటుంది, మీరు పది అడుగుల్లోకి వచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే మలుపుల దగ్గర, పొదల దగ్గర గైడు గొంతు సవరించుకుంటాడు, కర్రతో నేల తడతాడు. అది అలవాటు కాదు, పనిగట్టుకుని చేసేదే. ఇప్ప రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజాము నడక పెట్టుకోకండి.

తర్వాత తేనెటీగలు. లోయల్లో, బండల కింద పెద్ద తేనెపట్లుంటాయి. పొగ పడదు, ఘాటైన సెంటు పడదు. జలపాతం దగ్గర మ్యాగీ వండబోయి ఆసుపత్రి పాలైన బృందాన్ని మోసుకొచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. గోమార్లు (రక్తం పీల్చే పిడుదులు) పట్టకుండా ప్యాంటు సాక్సుల్లోకి దోపండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. పాము కాటేస్తే కోయడాలు, కట్లు కట్టడాలు వద్దు, కాటు పడిన కాలో చెయ్యో కదపనీయకుండా దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి పరుగు. మన్ననూరు వైపు అయితే అచ్చంపేట, బైర్లూటి వైపు అయితే ఆత్మకూరు.

దారిలో కోతులకు అరటిపండ్లు వేయకండి. మీ పుణ్యం కోసం అవి రోడ్డెక్కి టైర్ల కింద పడుతున్నాయి.

నల్లమల బుకింగ్ దొరక్కపోతే వేరే అడవులు లేవా అంటే బోలెడు. హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్లిరావాలంటే వికారాబాద్ అనంతగిరి. నడక అలవాటు లేనివాళ్లుంటే ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ అర్బన్ ఫారెస్ట్ పార్కులున్నాయి, ముందు అక్కడ కాళ్లు సాగదీయండి. రాజమండ్రి మీదుగా మారేడుమిల్లి వెళ్తే వాగులు, అమృతధార, జలతరంగిణి జలపాతాలు, వన సంరక్షణ సమితులు నడిపే బస. అక్కడ దోమతెర తప్పనిసరి, మలేరియా ప్రాంతం. తలకోనలో 270 అడుగుల జలపాతం, చెట్ల మధ్య వేలాడే నడక వంతెన ఉన్నాయి. అక్కడా నేరబైలు సమితి వాళ్లే చూసుకుంటారు. ఏ జలపాతమైనా కింద మడుగు లోతు పైకి తెలియదు, ఈతొచ్చినవాళ్లే ఎక్కువ పోతారు.

ఇక మీ లాబ్రడార్. టైగర్ రిజర్వులోకి పెంపుడు జంతువులను రానివ్వరు, కారులోనే ఉంచుతామన్నా సఫారీ గేటు దగ్గర ఆపుతారు. కుక్క వాసన చిరుతను రప్పిస్తుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్దది, మన కుక్కల నుంచి డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవిలోని రేచుకుక్కలకు, పులులకు కూడా అంటుకోవడం. టీకాలన్నీ వేయించామన్నా నియమం మారదు. ఆ రెండు రోజులు దాన్ని ఎవరి దగ్గర ఉంచాలో చూసుకున్నాకే కాటేజీ బుక్ చేసుకోండి. చివరి నిమిషంలో రద్దు చేసుకుంటే డబ్బు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.